అమ్మినవాడు ఇచ్చి తీరాలి



చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు పూతలపట్టు దగ్గర చీలిపోతుంది. ఒకటి తిరుపతి మీదుగా నాయుడుపేటకు, ఇంకొకటి పీలేరు మీదుగా కడప, కర్నూలు వైపుకు వెళ్తాయి. పూతలపట్టు మండలంలోనే పేటమిట్ట అనే ఊరుంది. అమరరాజా బ్యాటరీల సంస్థను స్థాపించిన గల్లా రామచంద్రనాయుడు గారిది ఆ ఊరే. కార్లలోనూ ఇన్వర్టర్లలోనూ వాడే ఆ బ్యాటరీల కంపెనీ షేరు ముంబాయి ఎక్స్ఛేంజీల్లో రోజూ చేతులు మారుతూ ఉంటుంది. కాబట్టి షేర్ మార్కెట్ మాట మన ప్రాంతానికి పరాయిదేం కాదు. ఈ రోజు ఆ మార్కెట్లో ఎక్కువమందికి అంతుపట్టని ఒక వ్యవహారం గురించి మాట్లాడుకుందాం. అదే షార్ట్ సెల్లింగ్. మన కుర్రాళ్ల భాషలో చెప్పాలంటే ‘షార్ట్ కొట్టడం’. తన దగ్గర లేని షేరును ముందు అమ్మి, ధర పడ్డాక కొని, ఆ తేడాను లాభంగా మిగుల్చుకోవడం. లేనిది అమ్మడమేమిటి, అది మోసం కాదా అని మీకు అనిపించవచ్చు.

మోసం కాదు. ఎందుకు కాదో మన మామిడి వ్యాపారంలో చూద్దాం. దామలచెరువు మండీలో ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి. ఈ ఏడు కాపు బాగుంది, తోతాపురి ధర పడుతుందని అతని అంచనా. పల్ప్ ఫ్యాక్టరీ దగ్గరకు వెళ్లి, నెల తర్వాత పది టన్నులు కిలో 15 రూపాయల లెక్కన తోలుతానని ఒప్పుకున్నాడు. ఆ రోజు అతని దగ్గర ఒక్క కాయ కూడా లేదు. నెల తిరిగాక రైతుల దగ్గర ధర 10 రూపాయలకు వచ్చింది. కొన్నాడు, తోలాడు, కిలోకు 5 రూపాయలు మిగిలాయి. అదే గాలివానకు కాయ రాలిపోయి ధర 22 రూపాయలకు ఎక్కిందనుకోండి. అప్పుడూ తోలాల్సిందే, కాకపోతే కిలోకు 7 రూపాయలు జేబులోంచి పోతాయి. ఈ బేరంలో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మోసం ఎప్పుడవుతుందంటే, ధర ఎక్కిందని ఆ వ్యాపారి ఫోను ఆపేసి కాయ తోలకపోతే. లేదా పక్క రైతు తోటలో ఆయనకు తెలియకుండా కాయ కోసుకొచ్చి తోలితే. ఈ రెండు తప్పులనూ గుర్తు పెట్టుకోండి. షేర్ మార్కెట్లో బ్రోకర్ల మీద ఉన్న నియమాలన్నీ దాదాపుగా ఈ రెండు తప్పులను ఆపడానికి పుట్టినవే. అమ్మినవాడు సరుకు ఇచ్చి తీరాలన్నది ఒకటి. ఇతరుల సరుకు కావాలంటే అడిగి తీసుకోవాలన్నది ఇంకొకటి.

ఈ వ్యవహారానికి నాలుగు వందల ఏళ్ల వయసుంది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐజాక్ లె మేర్ అనే వర్తకుడు డచ్ ఈస్టిండియా కంపెనీ షేర్లను, తన దగ్గర లేకుండానే, ముందు తేదీకి అమ్మాడు. కొందరిని కూడగట్టుకుని ధర పడేలా చూశాడు. మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం లేని షేర్లు అమ్మకూడదని ఆజ్ఞ జారీ చేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా మార్కెట్ కూలిన దాదాపు ప్రతిసారీ ప్రభుత్వాలు మొదట వేలు చూపేది షార్ట్ కొట్టినవాళ్ల వైపే. 2008 సెప్టెంబరులో అమెరికాలో బ్యాంకులు తలకిందులైనప్పుడు, అక్కడి నియంత్రణ సంస్థ దాదాపు ఎనిమిది వందల ఆర్థిక సంస్థల షేర్లలో షార్ట్ సెల్లింగ్‌ను కొన్ని వారాలు ఆపేసింది.

మన దేశంలోనూ అదే జరిగింది. 2001 మార్చిలో స్టాక్ బ్రోకరు కేతన్ పారేఖ్ కుంభకోణం బయటపడి మార్కెట్ కుప్పకూలినప్పుడు, సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ బోర్డ్ ఆఫ్ ఇండియా, అంటే సెబీ, షార్ట్ సెల్లింగ్‌ను నిషేధించింది. అదే ఏడు జూలైలో ‘బద్లా’ అనే పాత పద్ధతి కూడా పోయింది. కొన్నదానికి డబ్బు కట్టకుండా, అమ్మినదానికి షేరు ఇవ్వకుండా, వడ్డీ లాంటిదొకటి చెల్లించి లెక్కను వచ్చే గడువుకు తోసేసే పద్ధతి అది. మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థల లాంటి పెద్ద చేతులకు షార్ట్ సెల్లింగ్ తలుపు తెరుచుకుంది 2008 ఏప్రిల్‌లోనే. షేర్లను అరువిచ్చే, అరువు తీసుకునే పద్ధతి కూడా అప్పుడే దానితో జతగా మొదలైంది. ఆ జత ఊరికే కుదిరింది కాదు. లేనిది అమ్ముకో, కానీ ఇవ్వడానికి దారి ముందే చూసుకో అని సెబీ చెప్పినట్టే.

ఆ దారి ఎలా ఉంటుందో కొంచెం నిదానంగా చెబుతాను. మీ దగ్గర వంద షేర్లున్నాయి, ఇంకో ఏడాది దాకా అమ్మే ఉద్దేశం లేదు. వాటిని ఎక్స్ఛేంజీకి చెందిన క్లియరింగ్ సంస్థ ద్వారా అరువుకిస్తారు. ఇచ్చినందుకు మీకు రుసుము వస్తుంది. ఆ మధ్యలో కంపెనీ డివిడెండ్ ఇస్తే అదీ మీకే చేరుతుంది. గడువు తీరాక షేర్లు తిరిగి మీ డీమ్యాట్ ఖాతాలోకి వస్తాయి. ఒప్పందం గరిష్ఠంగా 12 నెలలు. అరువు తీసుకున్నవాడు వాటిని అమ్ముకోవచ్చు, కానీ గడువుకు కొని తిరిగి ఇవ్వాలి. వాడు ఎగ్గొడితే క్లియరింగ్ సంస్థ మధ్యలో నిలబడుతుంది. ఇందులో మీ ఒప్పుకోలు ఉంది, మీకు ఫలమూ ఉంది.

మరి ఇంట్రాడే సంగతేమిటి? మన దగ్గర ఎక్కువమంది చేసేది ఇదే. పొద్దున అమ్మి, మార్కెట్ మూసేలోగా కొనేస్తారు. షేరు అరువు తీసుకునే పని లేదు. మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ ముగుస్తుంది. అంతకు పది, పదిహేను నిమిషాల ముందే చాలామంది బ్రోకర్లు మిగిలిన పొజిషన్లను తామే స్క్వేర్ ఆఫ్ చేసేస్తారు. అంటే మీ బదులు కొనేసి లెక్క సరిచేస్తారు. అలా కొనడం కుదరకపోతే? షేరు అప్పర్ సర్క్యూట్‌ను, అంటే ఆ రోజుకు ఎక్కగలిగిన గరిష్ఠ హద్దును, తాకిందనుకోండి. కొనేవాళ్లే తప్ప అమ్మేవాళ్లు ఉండరు. అప్పుడు మీరు అమ్మిన షేరు మరుసటి రోజు ఇవ్వాల్సి వస్తుంది. 2023 జనవరి 27 నుంచి మన మార్కెట్లో అన్ని షేర్లకూ మరుసటి పని దినానికే లెక్క తేలిపోవాలి. మీరు ఇవ్వలేకపోతే ఎక్స్ఛేంజీ వేలం పెట్టి, మీ ఖర్చుతో కొని, కొన్నవాడికి ఇస్తుంది. వేలంలో కూడా షేరు దొరక్కపోతే లెక్క డబ్బుతో తేలుస్తారు. మీరు అమ్మిన రోజు నుంచి వేలం రోజు దాకా వచ్చిన అత్యధిక ధర ఒకవైపు, వేలం రోజు ముగింపు ధర మీద ఇరవై శాతం కలిపిన ధర ఇంకోవైపు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. కఠినంగా ఉంది కదా? ఎగ్గొట్టడం గిట్టుబాటు కాకూడదనే అలా పెట్టారు.

ఇక నష్టం లెక్క. 800 రూపాయల షేర్లు వంద కొన్నవాడికి పోయేది గరిష్ఠంగా 80 వేలు. కంపెనీ మూతపడినా అంతకు మించి పోదు. అదే వంద షేర్లు షార్ట్ కొట్టినవాడికి నష్టానికి పై హద్దు లేదు. 2008 అక్టోబరులో జర్మనీలో ఫోక్స్‌వాగన్ షేరు పడుతుందని చాలామంది పెద్ద పెద్ద ఫండ్ల వాళ్లు షార్ట్ కొట్టి ఉన్నారు. ఒక ఆదివారం నాడు, తన చేతిలో ఉన్న వాటాలు, హక్కులు కలిపి ముప్పావు వంతుకు దగ్గరగా ఉన్నాయని పోర్షే కంపెనీ ప్రకటించింది. బజారులో కొనడానికి షేర్లు మిగల్లేదు. రెండు వందల యూరోల చిల్లర ఉన్న షేరు మంగళవారానికి వెయ్యి యూరోలు దాటింది. మన దేశంలోనూ 1982లో ఇలాంటిదే జరిగింది. రిలయన్స్ షేరును పడగొట్టాలని కలకత్తా బేర్ల, అంటే ధర పడాలని చూసేవాళ్ల, ముఠా అమ్ముకుంటూ పోతే, అంబానీ వైపు వాళ్లు కొంటూ పోయారు. చివరికి షేర్లు చేతికివ్వమని పట్టుబట్టారు. ఇవ్వడానికి లేక బేర్లు ఉక్కిరిబిక్కిరయ్యారు, బొంబాయి ఎక్స్ఛేంజీ కొన్ని రోజులు మూతపడింది.

మన పక్క కంపెనీనే తీసుకోండి. 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చిత్తూరు జిల్లాలోని అమరరాజా ప్లాంట్లను మూసేయమని ఆదేశాలిచ్చింది. మే మొదటి వారంలోనే హైకోర్టు వాటి అమలును నిలిపేసింది. మొదటి వార్త విని, ఇక ఈ షేరు లేవదు అనుకుని ఎవరైనా షార్ట్ కొట్టి ఉంటే, వారం తిరక్కముందే రెండో వార్త ఎదురొచ్చింది. ఫ్యాక్టరీ మన రోడ్డు పక్కనే ఉంది కదా, దాని గుట్టు మనకే తెలుసు అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, బయటికి రాని సంగతి తెలుసుకుని షేరు కొన్నా అమ్మినా అది ఇన్‌సైడర్ ట్రేడింగ్ అవుతుంది. నేరం.

మరి షార్ట్ సెల్లింగ్ వల్ల మంచి ఏమైనా ఉందా? ఉంది. షేరు ధర నిజం చెప్పాలంటే, బాగుందనేవాళ్ల మాటతో పాటు బాగాలేదనేవాళ్ల మాట కూడా దానిలో కలవాలి. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన లెక్కలు ఏళ్ల తరబడి అబద్ధాలని ఉత్తరం రాశారు. ముందురోజు 180 రూపాయల దరిదాపుల్లో ఉన్న షేరు ఆ రోజు 40 రూపాయల లోపు ముగిసింది. ఏళ్ల తరబడి ఆ కంపెనీ ఖాతాలను అనుమానించి, తమ డబ్బు పెట్టి ఎదురు నిలబడే బలమైన చేతులు కొన్ని ఉండి ఉంటే, ఆ అబద్ధం అంత దూరం వచ్చేదా? అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2001లో దివాలా తీయకముందే జిమ్ చానోస్ అనే ఫండ్ మేనేజర్ దాని ఖాతాలు చదివి షార్ట్ కొట్టారు. ఆయన అడిగిన ప్రశ్నలు ఆ తర్వాత అందరూ అడిగారు.

అందుకే సెబీ దీన్ని పూర్తిగా మూసేయలేదు, వెలుగులోకి తెచ్చింది. 2023 జనవరి 24న అదానీ కంపెనీల మీద, షార్ట్ కొట్టే అమెరికా సంస్థ హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చాక ఈ చర్చ దేశమంతా నడిచింది. 2024 జనవరి 3న ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. రెండు రోజుల తర్వాత, జనవరి 5న, సెబీ షార్ట్ సెల్లింగ్ నియమాలను మరోసారి స్పష్టంగా ప్రకటించింది. వాటి సారం ఇది. చిన్న మదుపరులైనా, పెద్ద సంస్థలైనా షార్ట్ సెల్లింగ్ చేయవచ్చు. కానీ ఇచ్చే ఏర్పాటు లేకుండా వట్టిచేతులతో అమ్మడం కుదరదు, లెక్క తేలే రోజుకు షేరు ఇచ్చి తీరాలి. సంస్థలైతే ఆర్డరు పెట్టేటప్పుడే ఇది షార్ట్ అని చెప్పాలి. మనలాంటి వ్యక్తులైతే ఆ రోజు ట్రేడింగ్ ముగిసేలోపు చెప్పాలి. బ్రోకరు ఆ వివరాలను షేరు వారీగా సేకరించి, మరుసటి రోజు మార్కెట్ తెరవకముందే ఎక్స్ఛేంజీకి పంపాలి. ఎక్స్ఛేంజీ వాటిని కలిపి వారానికోసారి అందరికీ కనిపించేలా ప్రకటించాలి. పెద్ద సంస్థలు ఒకే రోజులో అమ్మి కొని లెక్క ముగించుకోవడానికి వీల్లేదు.

ఇంతవరకూ మొదటి నియమం, అమ్మినవాడు ఇవ్వాలన్నది. ఇక రెండోది, అడగకుండా తీసుకోకూడదన్నది. దీనికి పెద్ద పాఠం మన హైదరాబాదే నేర్పింది. కార్వీ పేరు వినని మదుపరి మన రెండు రాష్ట్రాల్లో ఉండేవాడు కాదు. 1980ల్లో హైదరాబాదులో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు మొదలుపెట్టిన సంస్థ అది. చిన్న పట్టణాల్లో కూడా దాని బోర్డు కనిపించేది. 2019 నవంబరు 22న సెబీ దాని మీద మధ్యంతర ఆదేశం ఇచ్చింది, కొత్త ఖాతాదారులను చేర్చుకోకూడదని చెప్పింది. ఏమిటి తప్పు? ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉంది. దాన్ని ఆసరా చేసుకుని వాళ్ల షేర్లను, ఎక్స్ఛేంజీకి తెలియజేయని ఒక డీమ్యాట్ ఖాతాలోకి మార్చి, బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర కుదువపెట్టి అప్పులు తెచ్చుకుంది. సుమారు 95 వేల మందికి చెందిన, 2,300 కోట్ల రూపాయల విలువ చేసే షేర్లు అలా తాకట్టులో ఉన్నాయని అప్పట్లో తేలింది. డిసెంబరు 2న దాదాపు 83 వేల మందికి షేర్లు వెనక్కి వచ్చాయి. 2021లో సంస్థ అధిపతి పార్థసారథిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ కార్వీనీ, ఆయననూ ఏడేళ్లపాటు మార్కెట్‌కు దూరం పెట్టింది, 21 కోట్ల జరిమానా వేసింది.

షార్ట్ కొట్టినవాడు, కార్వీ, ఇద్దరూ తమవి కాని షేర్లతోనే వ్యవహారం చేశారు. తేడా ఎక్కడుందంటే, అరువు తీసుకున్నవాడు అడిగి, రుసుము కట్టి, మార్జిన్, అంటే హామీ సొమ్ము, పెట్టి తీసుకున్నాడు. కార్వీ అడగలేదు. ఇన్వెస్టర్ తన షేర్లు తన ఖాతాలోనే ఉన్నాయనుకుని నిద్రపోయాడు.

ఆ దెబ్బతో నియమాలు చాలా మారాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి మీ షేర్లను మార్జిన్ కోసం తాకట్టు పెట్టాలంటే, అవి మీ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, బ్రోకరు ఖాతాలోకి వెళ్లవు. మీ ఫోనుకు డిపాజిటరీ నుంచి, అంటే డీమ్యాట్ ఖాతాల లెక్క ఉంచే సంస్థ నుంచి, ఓటీపీ వస్తుంది, మీరు ఒప్పుకుంటేనే తాకట్టు పడుతుంది. పాత పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022లో కొత్త పత్రం వచ్చింది. దానితో బ్రోకరు చేయగలిగిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీరు షేరు అమ్మగానే అది మీ ఖాతాలోనే బ్లాక్ అవుతుంది. కొన్న షేరు బ్రోకరు చేతుల మీదుగా కాకుండా నేరుగా మీ డీమ్యాట్‌లోకి రావాలన్న నియమమూ వచ్చింది. ఇంట్రాడేకు బ్రోకర్లు ఒకప్పుడు ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అరువు లెవరేజ్ ఇచ్చేవాళ్లు. 2020 డిసెంబరు నుంచి దాన్ని మెట్టు మెట్టుగా తగ్గించి, 2021 సెప్టెంబరుకు కనీసం ఇరవై శాతం మార్జిన్ ముందే కట్టాలన్న స్థితికి తెచ్చారు. అంటే లక్ష రూపాయల షేరు షార్ట్ కొట్టాలంటే కనీసం 20 వేలు మీ ఖాతాలో ఉండాలి.

ఇవి పెద్ద నియమాలు. మన ఊళ్లో రోజూ పనికొచ్చేవి ఇంకా చిన్నవి. చిన్న పట్టణాల్లో చాలామంది బ్రోకరు తరఫున పనిచేసే సబ్ బ్రోకరుకు ఫోన్ చేసి ఆర్డరు చెబుతారు. ఆయనను ఇప్పుడు ఆథరైజ్డ్ పర్సన్ అంటారు. 2018 ఏప్రిల్ నుంచి బ్రోకరు ప్రతి ఆర్డరుకూ రుజువు దాచిపెట్టాలి. ఫోను రికార్డింగ్ కావచ్చు, ఈమెయిల్ కావచ్చు, మీరు రాసిచ్చిన చీటీ కావచ్చు. మీరు చెప్పని షార్ట్ మీ కాంట్రాక్ట్ నోట్‌లో, అంటే బ్రోకరు పంపే లావాదేవీల పత్రంలో, కనిపిస్తే, చెప్పారని నిరూపించాల్సిన బాధ్యత బ్రోకరుదే. కాంట్రాక్ట్ నోట్ 24 గంటల్లో రావాలి. బ్రోకరుకు నగదు ఇవ్వకూడదు, ఆథరైజ్డ్ పర్సన్ సొంత ఖాతాకు డబ్బు పంపకూడదు. నెలకింత గ్యారంటీ లాభం అని ఎవరైనా అంటే, ఆ మాట అనడమే నియమాలకు విరుద్ధం. ఇక డబ్బా ట్రేడింగ్ అని ఒకటుంది. ఆర్డరు ఎక్స్ఛేంజీకే వెళ్లదు, చీటీ మీద లెక్క నడుస్తుంది. అది చట్ట విరుద్ధం. అక్కడ డబ్బు పోతే సెబీ దగ్గరికి వెళ్లడానికి కూడా దారి ఉండదు.

ఇన్ని కాపుదలలు ఉన్నాయి కాబట్టి షార్ట్ కొట్టవచ్చా అని అడిగితే, నేను సెబీ లెక్కలే చెబుతాను. 2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఫ్యూచర్స్, ఆప్షన్లలో 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నూటికి 93 మంది చిన్న ట్రేడర్లు నష్టపోయారు. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల పైమాట. నియమాలు మీ షేర్లను దొంగతనం నుంచి కాపాడతాయి. మీ అంచనా తప్పితే వచ్చే నష్టం నుంచి కాపాడవు. ఇంట్రాడే నష్టాన్ని పన్ను చట్టం స్పెక్యులేషన్ నష్టంగా చూస్తుందన్నది కూడా గమనించండి. జీతం మీదనో ఇతర వ్యాపార లాభం మీదనో దాన్ని సర్దుకోలేరు, స్పెక్యులేషన్ లాభం వచ్చినప్పుడే సర్దుకోగలరు, అదీ నాలుగేళ్లలోపే.

షార్ట్ కొట్టని శ్రోతకు, నాలుగు షేర్లు కొని పిల్లల చదువు కోసం దాచుకున్న శ్రోతకు ఇందులో పని ఏముంది? కార్వీ వ్యవహారంలో ఇరుక్కున్నది షార్ట్ కొట్టినవాళ్లు కాదు, అలా దాచుకున్నవాళ్లే. కాబట్టి షేర్ల లావాదేవీ జరిగిన నెల తర్వాత డిపాజిటరీ నుంచి ఈమెయిల్‌లో వచ్చే ఏకీకృత స్టేట్‌మెంట్‌ను తెరిచి చూడండి. బ్రోకరు యాప్ చూపించే సంఖ్య, డిపాజిటరీ చూపించే సంఖ్య ఒకటేనా అని పోల్చండి. తేడా ఉంటే ముందు బ్రోకరును రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయండి, ఆ తర్వాత స్మార్ట్ ఓడీఆర్ అనే వివాద పరిష్కార వేదిక కూడా ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. అది మీ ఒప్పుకోలు, షేర్లను మీ ఖాతాలోంచి కదిలించే సంతకం.

ధర ఎక్కడికి పోతుందో బ్రోకరు చెప్పలేడు, సెబీ చెప్పలేదు, నేనూ చెప్పలేను. మీ షేరు ఈ రోజు ఎవరి పేరు మీద ఉందో మాత్రం మీరే చూసుకోగలరు. ఆ పని ఇంకెవరికీ అప్పగించకండి.